ఆ ఓడలో ఏముందో ఆటకు తెలియదు

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన ఒక కంప్యూటర్ ఆటతో వాదన పెట్టుకునే ముందు, ఆ యుద్ధంలోంచే రెండు కథలు చెప్పాలి. 1942 నవంబరు 30 రాత్రి పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలోని తస్సఫరొంగా తీరానికి జపాన్ రియర్ అడ్మిరల్ తనాకా రైజో ఎనిమిది డిస్ట్రాయర్లతో వచ్చాడు. వాటిలో ఆరింటి డెక్‌ల మీద తాళ్ళతో కలిపి కట్టిన ఇనుప డ్రమ్ములున్నాయి. డ్రమ్ముల్లో తిండి, మందులు. దీవి మీది అడవిలో ఉన్న జపాన్ సైనికులు అప్పటికే ఆకలితో చిక్కిపోయి ఉన్నారు. మామూలు సరుకు ఓడలు వస్తే అమెరికన్ విమానాలు బతకనివ్వడం లేదు. అందుకని వేగంగా పోయే యుద్ధ నౌకల్లో రాత్రికి రాత్రి డ్రమ్ములు తెచ్చి, తీరం దగ్గర నీళ్ళలోకి తోసేసి తెల్లారేలోపు వెళ్ళిపోవాలని పథకం. ఒడ్డున ఉన్నవాళ్ళు తాడు అందుకొని లాక్కోవాలి.

ఐదు క్రూయిజర్లు (డిస్ట్రాయర్ల కంటే పెద్ద యుద్ధ నౌకలు), ఆరు డిస్ట్రాయర్లతో అమెరికన్లు కాచుకొని ఉన్నారు. రాడార్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది. అయినా జపాన్ టార్పెడోల దెబ్బకి నార్తాంప్టన్ అనే క్రూయిజర్ మునిగిపోయింది. ఇంకో మూడు క్రూయిజర్లు నెలల తరబడి రిపేర్లలో ఉండిపోయేంతగా దెబ్బతిన్నాయి. జపాన్ పోగొట్టుకున్నది తకనామి అనే ఒక్క డిస్ట్రాయర్‌ని. మునిగిన ఓడలు లెక్కపెడితే ఆ రాత్రి జపాన్‌దే. కానీ ఆ గొడవలో డ్రమ్ములు ఒడ్డుకు చేరలేదు. డిసెంబరు 3న మళ్ళీ వచ్చి 1,500 డ్రమ్ములు వదిలితే ఒడ్డుకు లాగగలిగినవి 310. తర్వాతి ఫిబ్రవరిలో జపాన్ ఆ దీవిని ఖాళీ చేసింది.

అదే ఏడాది ఆగస్టులో మధ్యధరా సముద్రంలో దీనికి పూర్తిగా ఎదురు కథ నడిచింది. జర్మనీ, ఇటలీల ముట్టడిలో ఉన్న మాల్టా దీవికి బ్రిటన్ 14 సరుకు ఓడలను పెద్ద కాపలాతో పంపింది. దారిలో ఈగిల్ అనే విమానవాహక నౌక, రెండు క్రూయిజర్లు, ఒక డిస్ట్రాయర్ పోయాయి. సరుకు ఓడల్లో తొమ్మిది పోయాయి. మాల్టా చేరినవి ఐదే ఐదు. వాటిలో ఒహాయో అనే ఆయిల్ ట్యాంకరు బాంబులూ టార్పెడోలూ తిని కదలలేని స్థితికి వస్తే, రెండు పక్కలా డిస్ట్రాయర్లు పట్టుకొని ఆగస్టు 15న రేవులోకి తెచ్చాయి. ఓడల లెక్కలో ఇది బ్రిటన్‌కు ఘోరమైన దెబ్బ. కానీ ఆ ఐదు ఓడల్లో వచ్చిన తిండితో, ఇంధనంతో మాల్టా నిలబడింది. మాల్టా నిలబడింది కాబట్టే ఆఫ్రికాలో జర్మన్ సేనాని రొమెల్ సైన్యానికి ఇటలీ నుంచి వెళ్ళే ఓడలు మునుగుతూ వచ్చాయి.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెడితే నేను చెప్పదలుచుకున్నది సగం చెప్పినట్టే. సముద్రం మీద ఎవరు గెలిచారో ఒడ్డున దిగిన సరుకుని బట్టి తేల్చాలి. రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన స్ట్రాటజీ ఆటల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆడేది, ప్రేమించేది హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4. ఆ ఆట ఈ సంగతిని సగం వరకు అద్భుతంగా పట్టుకుంది. మిగతా సగాన్ని అసలు పట్టించుకోలేదు. పట్టించుకోని ఆ సగంలోనే మన తీరం కథ కూడా ఉంది కాబట్టి, దీని మీద వాదన పెట్టుకోక తప్పదనిపిస్తోంది.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ కంపెనీ ఈ ఆటను 2016 జూన్‌లో విడుదల చేసింది. 1936లోనో 1939లోనో ఒక దేశం పగ్గాలు చేతికి తీసుకొని, ఫ్యాక్టరీలు, సైన్యం, విమానాలు, ఓడలు అన్నీ మనమే నడపాలి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన మ్యాన్ ది గన్స్ విస్తరణతో ఓడలను మనమే డిజైన్ చేసుకోవడం వచ్చింది, దానితోపాటు వచ్చిన ప్యాచ్‌లో ఇంధనం లెక్క మొదలైంది. 2021 నవంబరులో నో స్టెప్ బ్యాక్ వచ్చినప్పుడు సరఫరా పద్ధతినే మొదటి నుంచి తిరగరాశారు.

ఆ తిరగరాత గురించి ముందు మంచి మాట చెప్పాలి. ఇప్పుడు రసదు రాజధాని నుంచి బయలుదేరి రైలు పట్టాల వెంట, రేవుల వెంట ప్రయాణించి సరఫరా కేంద్రాలకు చేరుతుంది. అక్కడి నుంచి లారీలో, గుర్రాలో చుట్టుపక్కల డివిజన్లకు (సైనిక దళాలకు) అందిస్తాయి. రైలు మార్గానికి స్థాయి ఉంటుంది, రేవుకి స్థాయి ఉంటుంది. దారి మొత్తంలో అన్నిటికంటే బలహీనమైన ముక్క ఎంత మోయగలిగితే అంతే చివరికి అందుతుంది. బావిలో ఎన్ని నీళ్ళున్నా చేద పట్టినంతే పైకి వస్తాయి. రాజధానిలో కొండంత రసదు ఉన్నా, మధ్యలో స్థాయి ఒకటి ఉన్న చిన్న రేవు తగిలితే అవతల ఇరవై డివిజన్లు పస్తులే. ఈ ఒక్క మార్పు వల్ల మ్యాప్ చూసే తీరే మారిపోయింది. అంతకుముందు రాష్ట్రాలు చూసేవాళ్ళం, ఇప్పుడు పట్టాలు, రేవులు చూస్తున్నాం. సముద్రం దాటి దండెత్తినప్పుడు మొదటి గంట నుంచే రేవు కోసం పరుగెత్తాలి. సైనికులు వెంట తెచ్చుకున్నది కొద్ది రోజులకే సరిపోతుంది. ఆలోపు రేవు చిక్కకపోతే బీచ్ మీదే అరిగిపోతారు. నార్మండీలో తేలే హార్బర్లు ఎందుకు కట్టారో, జూన్ 19 తుఫానుకి ఒమాహా బీచ్ దగ్గరి హార్బరు ధ్వంసమైతే ఎందుకంత టెన్షన్ పడ్డారో ఈ ఆట ఆడినవాడికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

జపాన్ తరఫున బర్మాలో ఆడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రంగూన్ పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. అక్కడి నుంచి ఉత్తరానికి, అడవుల్లోకి, అస్సాం వైపు డివిజన్లు నెట్టేకొద్దీ రసదు చాలడం లేదనే ఎర్ర గుర్తులు మొదలవుతాయి. చరిత్రలోనూ అంతే. 1944 మార్చిలో జనరల్ ముతగుచి మూడు డివిజన్లను సుమారు మూడు వారాల తిండితో ఇంఫాల్, కోహిమా మీదికి పంపాడు. మిగతాది బ్రిటిష్ గిడ్డంగుల నుంచి దోచుకోవచ్చని, వెంట తోలుకెళ్ళే పశువుల్ని కోసుకు తినవచ్చని అతని లెక్క. గిడ్డంగులు చిక్కలేదు, పశువులు కొండల్లో చచ్చిపోయాయి. వెనక్కి వచ్చే దారి పొడవునా తుపాకీ గుండుకంటే ఆకలికీ రోగానికీ పోయినవాళ్ళే ఎక్కువ.

ఇంతవరకు ఆటకు వంక పెట్టను. కానీ ఆ బర్మా సైన్యానికి రసదు అంత సన్నగా ఎందుకు అందిందని ఒక్క అడుగు వెనక్కి వేసి అడిగితే జవాబు సముద్రంలో ఉంటుంది. సింగపూర్ నుంచి రంగూన్‌కి ఓడల దారి శత్రు జలాంతర్గాములకు, విమానాలకు దొరికిపోయే దారి. పైగా ఆ దారిన పంపడానికి జపాన్ దగ్గర చాలినన్ని ఓడలే లేవు. అందుకే థాయ్‌లాండ్ నుంచి బర్మాకు అడవి గుండా 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయడానికి పూనుకున్నారు. 1943 అక్టోబరులో రెండు వైపుల పట్టాలూ కలిశాయి. దాన్ని వేయడంలో పన్నెండు వేలకు పైగా యుద్ధ ఖైదీలు, వాళ్ళకు ఎన్నో రెట్లు ఎక్కువమంది ఆసియా కూలీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకెళ్ళిన భారతీయులు ఆ కూలీల్లో చాలామంది. వాళ్ళలో ఎక్కువ మంది తమిళులు. ఆ తోటల్లో తెలుగు కుటుంబాలు కూడా బతికేవి. ఆటలో ఆ రైలు మార్గం వేయాలంటే కొన్ని ఫ్యాక్టరీలు కేటాయించి ఒక గీత గీస్తే చాలు. ఆ గీత ఎందుకు అవసరమైందో, అంటే సముద్రంలో ఓడలు చాలకపోవడం, ఆటలో ఎప్పుడూ అంత గట్టిగా తగలదు.

ఎందుకు తగలదో చూద్దాం. ఆటలో సరుకు ఓడలన్నీ కలిపి ఒకే ఒక అంకె. తెర పైన ఓ మూల కనిపిస్తుంది: కాన్వాయ్‌లు, ఇన్ని. దిగుమతులకు కొన్ని, విదేశాల్లోని సైన్యానికి రసదు మోయడానికి కొన్ని, డివిజన్లను సముద్రం దాటించడానికి కొన్ని వాటంతట అవే కేటాయించబడతాయి. తక్కువైతే డాక్‌యార్డులో ఒక వరుస పెట్టి ఇంకొన్ని కట్టుకుంటాం. చవక కూడా. అమెరికా యుద్ధకాలంలో 2,710 లిబర్టీ ఓడలు కట్టింది. ఒక్కొక్కటి దాదాపు పదివేల టన్నులు మోసేది. ఆ వేగం అమెరికా ఒక్కదానికే సాధ్యమైంది, దాని వల్లే యుద్ధం ఒక వైపు మొగ్గింది. ఆటలో మాత్రం ఓ మోస్తరు డాక్‌యార్డులున్న ఏ దేశమైనా, కాస్త ముందుచూపుంటే, ఓడల కొరత అనే మాట ఎరగకుండా యుద్ధం ముగించొచ్చు.

ఆ అంకె వెనక ఏముందో ఆటకు పట్టదు. ఏ ఓడలో ఏ సరుకు ఉందో లేదు. సైన్యానికి రసదు అంటే బియ్యమా, గుండ్లా, క్వినైన్ మాత్రలా అన్న తేడా లేదు. ఇక ప్రయాణానికి పట్టే రోజులు కూడా లేవు. దారి తెరుచుకుంటే రసదు పారుతుంది, దారి మూసుకుంటే ఆగుతుంది. నిజంగా ఓడల్ని గుంపుగా నడపడమే ఒక నష్టం. అన్నీ పోగయ్యేదాకా రేవులో ఎదురుచూడాలి, అన్నిటికంటే నెమ్మదిగా పోయే ఓడ వేగంతోనే అన్నీ పోవాలి, అన్నీ ఒకేసారి వచ్చి పడితే అవతలి రేవులో దించే మనుషులు, క్రేన్లు చాలవు. ఒక్క ఓడ కూడా మునగకుండానే ఏడాదిలో మోసే సరుకు తగ్గిపోతుంది. 1944 సెప్టెంబరు 4న మిత్రసేనలు యాంట్‌వర్ప్ రేవుని దాదాపు చెక్కు చెదరకుండా పట్టుకున్నాయి. కానీ సముద్రం నుంచి రేవుకి వచ్చే షెల్ట్ నదీ ముఖం జర్మన్ల చేతిలోనే ఉంది, నిండా మైన్లు. మొదటి కాన్వాయ్ లోపలికి వచ్చింది నవంబరు 28న. దాదాపు మూడు నెలలు యూరప్‌లోని గొప్ప రేవుల్లో ఒకటి చేతిలో ఉండి కూడా సైన్యాలు నార్మండీ నుంచి లారీల్లో తెచ్చుకున్న పెట్రోలుతో నెట్టుకొచ్చాయి. ఆటలో రేవు పట్టుకున్నాక ఇంత నరకం ఉండదు.

నౌకాదళం వైపు వస్తే, ఆట మనకు మంచి పనిముట్లే ఇచ్చింది. పహారా, స్ట్రైక్ ఫోర్స్, కాన్వాయ్‌ల మీద దాడి, కాన్వాయ్‌లకు కాపలా, మైన్లు వేయడం, ఏరడం అన్నీ వేర్వేరు పనులు. స్ట్రైక్ ఫోర్స్‌ని రేవులో కూర్చోబెట్టి, పహారా ఓడలు శత్రువుని చూశాక మాత్రమే బయటికి పంపడం నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు. ఇంధనం ఆదా అవుతుంది, నిజంగా జరిగినదానికి దగ్గరగానూ ఉంటుంది. యుద్ధం జరిగితే ఒక పట్టిక వస్తుంది. ఎవరివి ఎన్ని మునిగాయి, ఏ ఓడ ఏ ఓడని కొట్టింది, ఏ తుపాకీ ఎంత నష్టం చేసింది, అన్నీ ఉంటాయి. ఎంతో వివరంగా, ఎంతో అందంగా ఉంటుంది. మేము మల్టీప్లేయర్ ఆడేటప్పుడు గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టుకునేది ఈ పట్టికలే. జపాన్ మహా యుద్ధనౌక యమాటోని ముంచినవాడు వారం రోజులు ఆ మాటే చెప్తాడు. కాపలా డిస్ట్రాయర్లు ఓపిగ్గా నడిపి అట్లాంటిక్‌లో ఒక్క కాన్వాయ్ కూడా పోకుండా చూసుకున్నవాడు స్క్రీన్‌షాట్ పెట్టలేదు, పెట్టడానికి అలాంటి పట్టికే లేదు కాబట్టి. ఇక్కడ తప్పు ఆటగాళ్ళది కాదు. ఆట ఏది చూపిస్తే ఆటగాడు అదే గెలుపనుకుంటాడు. తస్సఫరొంగా యుద్ధం ఈ ఆటలో జరిగితే తనాకాకి గెలిచినట్టు పచ్చరంగు పట్టిక వస్తుంది.

జపాన్ విషయంలో ఇది ఇంకా అన్యాయంగా అనిపిస్తుంది నాకు. సుమారు 60 లక్షల టన్నుల వాణిజ్య ఓడలతో జపాన్ యుద్ధంలోకి దిగింది. ఆ ఓడలన్నీ ఒక చేతిలో లేవు. ఆర్మీ ఓడలు వేరు, నేవీ ఓడలు వేరు, దేశానికి సరుకు తెచ్చే పౌర ఓడలు వేరు. ఒక శాఖ ఓడని ఇంకో శాఖ వాడుకునేది కాదు. ఆర్మీ ఓడ సైనికుల్ని దక్షిణాన దింపి ఖాళీగా ఉత్తరానికి తిరిగి వస్తుంటే, అదే దారిలో పౌర ఓడ బాక్సైట్ కోసం ఖాళీగా దక్షిణానికి పోతూ ఎదురయ్యేది. దక్షిణాన గెలిచిన ఆయిలూ రబ్బరూ టిన్నూ ఉన్నాయి, మోసే ఓడలు చాలవు. పైగా కాన్వాయ్ కాపలా అంటే జపాన్ నేవీలో చిన్నచూపు. అసలు సిసలైన యుద్ధమంటే పెద్ద ఓడలు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమేనని వాళ్ళ శిక్షణ మొత్తం చెప్పింది. కాన్వాయ్‌ల రక్షణ కోసం ఒక ప్రత్యేక పెద్ద కమాండ్ పెట్టింది 1943 నవంబరులో, అంటే యుద్ధం మొదలైన దాదాపు రెండేళ్ళకి. అమెరికా నేవీలో రెండు శాతం మంది కూడా లేని జలాంతర్గామి దళం, జపాన్ పోగొట్టుకున్న వాణిజ్య ఓడల టన్నుల్లో సగానికి పైగా ముంచింది. అదీ మొదటి రెండేళ్ళు సరిగ్గా పేలని టార్పెడోలతో మొదలుపెట్టి.

ఆటలో జపాన్ ఆటగాడు ఇవేవీ అనుభవించడు. కాన్వాయ్‌లు దెబ్బతింటాయని అతనికి ముందే తెలుసు, 1941లోనే పాత డిస్ట్రాయర్లని కాపలాకి పెట్టేస్తాడు. అలా పెట్టనివ్వకూడదని నేననను. ముందుచూపుకి ఫలితం ఉండాలి. కానీ ఆ ముందుచూపుకి ఖరీదు కూడా ఉండాలి. ఆర్మీ దగ్గర ఓడలు లాక్కుంటే ఆర్మీ అలగాలి, ఏదో ఒక దండయాత్ర ఆగాలి. ఆట రాజకీయాల్ని ఇంత వివరంగా చూపిస్తుంది, జపాన్‌లో ఆర్మీకీ నేవీకీ పడదన్న సంగతి దానికి తెలుసు. మరి ఆ గొడవ మొత్తం దేని మీద జరిగిందో, ఆ ఓడల మీదికి మాత్రం దాన్ని తేలేదు.

ఇప్పుడు మన తీరానికి వస్తాను. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా వైపు పెద్దవాళ్ళు దాన్ని 'జపాన్ బాంబు' అనే చెప్పుకునేవారు. ఊళ్ళు ఖాళీ అవడం, మద్రాసు నుంచి కూడా జనం పెట్టె బేడా సర్దుకొని పారిపోవడం తెలుగు ఇళ్ళలో ఇంకా మిగిలి ఉన్న జ్ఞాపకాలు. కానీ ఆ దాడిలో బాంబులు చిన్న భాగం. అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం బంగాళాఖాతంలోకి వచ్చింది సరుకు ఓడల కోసం. కొద్ది రోజుల్లో 23 ఓడల్ని ముంచింది, లక్ష టన్నులకు పైనే. తూర్పు తీరం రేవుల్లో ఓడల రాకపోకలు ఆగిపోయాయి. అదే వారం ఇంకో జపాన్ అడ్మిరల్ నగుమో పెద్ద నౌకాదళం కొలంబో, ట్రింకోమలీల మీద పడి బ్రిటిష్ యుద్ధ నౌకల్ని ముంచింది. చరిత్ర పుస్తకాల్లో పెద్ద అక్షరాలు నగుమోకి దక్కాయి. నేనైతే ఒజావా చేసిన పనిని ముందు రాస్తాను.

ఎందుకంటే అంతకు నెల ముందే, మార్చి 8న, రంగూన్ పడిపోయింది. యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా, అందులో పెద్ద వాటా వచ్చేది భారత్‌కి. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమునిపట్నం తీరాల నుంచి తరతరాలుగా తెలుగువాళ్ళు రంగూన్‌కి కూలికి పోయింది కూడా ఎక్కువగా ఆ బియ్యం చుట్టూ అల్లుకున్న పనికే: మిల్లుల్లో, రేవులో, బస్తాలు మోయడానికి. 1942లో వాళ్ళలో ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు, దొరకనివాళ్ళు లక్షలాది భారతీయులతో కలిసి అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. బియ్యం మాత్రం రాలేదు. సిలోన్, తిరువాంకూరు, బెంగాల్ ఆ బియ్యం మీద ఆధారపడ్డ ప్రాంతాలు. బెంగాల్‌లో ప్రభుత్వం జపాన్ చేతికి చిక్కకూడదని పదిమందికి మించి మోసే పడవల్ని స్వాధీనం చేసుకుంది, దాంతో నదుల మీద నడిచే లోపలి వ్యాపారం కూడా చచ్చింది. అక్టోబరులో తుఫాను వచ్చింది, ధరలు ఆకాశానికెక్కాయి. 1943 మొదట్లో హిందూ మహాసముద్రానికి పోయే ఓడలకు చర్చిల్ గట్టి కోత పెట్టాడు. ఆ ఏడాది ఢిల్లీ నుంచి ధాన్యం కోసం ఓడలు కావాలని పదే పదే అడిగితే లండన్ యుద్ధ మంత్రివర్గం అడిగినదానికంటే చాలా తక్కువ ఇచ్చింది. చనిపోయినవాళ్ళు 15 లక్షలని అప్పటి విచారణ కమిషన్ రాసింది. తర్వాతి పరిశోధకుల అంచనాలు 30 లక్షలు దాటి కూడా వెళ్ళాయి. ఈ కరవుకు ఒక్క కారణం చెప్పడం తప్పే, కానీ ఓడల కేటాయింపు ఆ కారణాల్లో లేదనడం ఇంకా పెద్ద తప్పు.

ఆటలో బంగాళాఖాతం ఒక సముద్ర ప్రాంతం. జపాన్‌గా ఆడి అక్కడ కాన్వాయ్‌ల వేట పెడితే బ్రిటన్ అంకె కాస్త తగ్గుతుంది, అస్సాంలో ఉన్న డివిజన్లకి రసదు సన్నగిల్లుతుంది, దిగుమతులు కొంత ఆగుతాయి. నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి: కాన్వాయ్‌లు మునిగేకొద్దీ ఆ దేశంలో యుద్ధానికి మద్దతు కూడా తగ్గుతుంది. సముద్ర యుద్ధంలో జనం అనేవాళ్ళు ఉన్నారని ఆట ఒప్పుకునే చోటు అదొక్కటే. కానీ మద్దతు తగ్గడం అంటే ఊళ్ళో జనం నిరాశపడ్డారని, వాళ్ళకు తిండి లేదని కాదు. ఎక్కడైనా కరవు ప్రస్తావన వచ్చినా అది ఒక ఈవెంటుగానో, దేశానికి అంటించిన గుర్తుగానో వస్తుంది. మునిగిన ఓడల లెక్క నుంచి పుట్టదు. ఆరు కోట్ల జనాభా ఉన్న బెంగాల్ ఏం తింటోందని ఆట ఒక్కసారి కూడా అడగదు. సైనికుడి కడుపుకి గంట గంటకీ లెక్క ఉంది. అతను యూనిఫారం వేసుకోక ముందు ఏ ఇంట్లో ఉన్నాడో ఆ ఇంటికి లెక్క లేదు.

ఇది యుద్ధం ఆట, సైన్యాల గురించే ఉంటుంది, జనం తిండి చూపించాలంటే అది వేరే ఆట అవుతుంది అని నాతో వాదించే మిత్రులున్నారు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోను. ఇప్పటికే ఆటలో కిటికీలు ఎక్కువయ్యాయి, కొత్తగా నేర్చుకునేవాడు మొదటి నెలలోనే పారిపోతున్నాడు. కానీ సముద్ర యుద్ధం ఎందుకు జరిగింది? అట్లాంటిక్‌లో జర్మనీ జలాంతర్గాములు వెంటాడింది బ్రిటన్ సైన్యాన్ని కాదు, బ్రిటన్ వంటిళ్ళని, ఫ్యాక్టరీలని. 1945 మార్చి నుంచి అమెరికా బి-29 బాంబరు విమానాలు జపాన్ రేవుల్లో మైన్లు పోస్తూ ఆ పనికి పెట్టుకున్న పేరే 'ఆపరేషన్ స్టార్వేషన్'. పౌరుల తిండిని పక్కన పెడితే సముద్ర యుద్ధానికి గుండెకాయ తీసేసినట్టు. నౌకాదళాన్ని ఆటగాళ్ళు ఎందుకు పట్టించుకోరు, ఎందుకు చాలామంది దాన్ని ఆటోమేటిక్‌కి వదిలేస్తారు అని ఏళ్ళ తరబడి చర్చ నడుస్తోంది. మెనూలు కష్టంగా ఉండటం వల్ల అని అంటారు. నా లెక్క ప్రకారం అసలు కారణం, ఓడిపోయినా పెద్దగా ఏమీ కాకపోవడం. ఇటలీగానో, సోవియట్‌గానో ఆడేవాడికి సముద్రం పూర్తిగా పోయినా ఆట ఆగదు. బ్రిటన్‌కి కూడా, సైన్యానికి రసదు అందినంతకాలం, దీవిలో జనం బాగానే ఉన్నట్టే.

పైగా ఇది చేయడం ఆ కంపెనీకి రాదని కాదు. 2022 అక్టోబరులో వాళ్ళే తెచ్చిన విక్టోరియా 3లో జనం తింటారు, ధాన్యం ధర పెరిగితే బాధపడతారు, ఓడలు చాలకపోతే వ్యాపారం దెబ్బతింటుంది. అంత లోతు ఇక్కడ అక్కర్లేదు. ఒక్కో రాష్ట్రానికి తిండి మిగులా తరుగా అన్న ఒక్క అంకె చాలు. బర్మాకి పెద్ద మిగులు, బ్రిటన్‌కీ జపాన్‌కీ సిలోన్‌కీ తరుగు. ఆ తరుగును రైలో ఓడో తీర్చాలి. తీరకపోతే మొదట ఫ్యాక్టరీల పని మందగించాలి, తర్వాత సైన్యంలో చేరేవాళ్ళ సంఖ్య పడిపోవాలి, ఆ తర్వాత జనాభా తగ్గడం మొదలవ్వాలి. కాన్వాయ్‌ల అంకెను మూడు ముక్కలు చేసి సైన్యానికెన్ని, ఫ్యాక్టరీలకెన్ని, జనానికెన్ని అని ఆటగాడే పంచేలా చేయాలి. జపాన్‌కి ఆ పంపకం మార్చడం ఖరీదైన పనిగా ఉండాలి. ఓడ తిరిగి రావడానికి పట్టే రోజులు లెక్కలోకి రావాలి, దూరం పెరిగేకొద్దీ అదే ఓడ ఏడాదికి తక్కువసార్లు తిరుగుతుంది. కాన్వాయ్ కట్టడం ఇప్పటికంటే ఖరీదు కావాలి. ఇక యుద్ధం పట్టికలో, మునిగిన ఓడల కింద ఇంకో వరుస రావాలి: ఎన్ని కాన్వాయ్‌లు గమ్యం చేరాయి, వాటిలో ఏమున్నాయి.

అప్పుడు 1942 ఏప్రిల్‌లో బ్రిటన్‌గా ఆడేవాడి ముందు ఒక నిజమైన నిర్ణయం ఉంటుంది. హిందూ మహాసముద్రంలో మిగిలిన ఓడల్ని ఉత్తర ఆఫ్రికా దండయాత్రకి పంపితే బెంగాల్ తరుగు పెరుగుతుంది, ఆ సంగతి మ్యాప్ మీద అతనికి కనిపిస్తుంది, చిత్తగాంగ్ పక్కన ఎర్రగా. పంపకపోతే ఆ దండయాత్ర ఆలస్యమవుతుంది. రెండిటిలో ఏది చేసినా అతనే చేయాలి, ఆట అతని వెనక నిశ్శబ్దంగా సర్దేయకూడదు. మాడ్లు (ఆటకు ఆటగాళ్ళే చేసుకునే మార్పులు) చేసేవాళ్ళలో ఎవరైనా దీని మీద పనిచేస్తుంటే రాష్ట్రాలవారీ తిండి అంకెలు కూర్చే పనికి నేను సిద్ధం. పారడాక్స్ వాళ్ళే చేస్తామంటే, బదులుగా ఓడల డిజైనర్లోని ఆప్షన్లు సగం తీసేసినా నాకు అభ్యంతరం లేదు.